బావగారి డబ్బా, ఊరి చెరువు

వేసవి సెలవులకి అత్తారింటికి వస్తూ బావగారు లూర్ల డబ్బా, అంటే చేపల్ని మోసం చేసే బొమ్మ ఎరల పెట్టె, తెచ్చారంటే బామ్మర్దికి ఆ ఆదివారం లేనట్టే. డబ్బా మోసేది అతనే, చెట్టెక్కేది అతనే, కొక్కేలు విడదీసేదీ అతనే.

అసలు తంటా మూత తీయగానే మొదలు. క్రాంక్‌బైట్ అనే బొమ్మచేపకి కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి మొనల గాలాలు వేలాడతాయి. మొత్తం ఆరు మొనలు. అలాంటివి నాలుగు ఒకే అరలో పడేస్తే బండి కుదుపులకి అల్లుకుపోతాయి. ఒకదాన్ని పట్టుకుని లేపితే నాలుగూ లేస్తాయి, వాటితో పాటు బామ్మర్ది తువ్వాలు కూడా. అరకొకటే పెట్టుకోవాలి, లేదా గాలాలకి రబ్బరు బ్యాండు చుట్టాలి. షాపువాడు ఈ సంగతి చెప్పే ఉంటాడు. బావగారు అప్పుడు రంగులు ఎంచుకునే పనిలో ఉన్నారు.

"ఏముంటాయి ఈ చెరువులో?"

"నడిమధ్యన బొచ్చె, శీలావతి. గట్టు పక్క తుంగలో కొర్రమీను, బావగారూ."

ఎగిరి పడుతున్నవి నడిమధ్యనే కాబట్టి బావగారు అక్కడికే విసిరారు. లూరు అన్నది సాటి చేపల్నీ కప్పల్నీ వేటాడి తినే జాతికే. బొచ్చె నీళ్లలో సన్నటి నలుసు వడకట్టుకుని బతుకుతుంది, శీలావతి నాచూ కుళ్లిన ఆకూ తింటుంది. వాటి ముందు బంగారు చేప ఆడించినా తిరిగి చూడవు. తవుడు ముద్ద పెడితే అది వేరే మాట.

మొదట స్పూను. అమెరికాలో జూలియో బ్యూయల్ 1852లో పేటెంటు తీసుకున్న సరుకు. వంపు తిరిగిన రేకు, నెమ్మదిగా లాగితే అటూ ఇటూ ఊగుతూ దెబ్బతిన్న చిన్నచేపలా తళుక్కుమంటుంది. బావగారు హడావిడిగా రీలు తిప్పేసరికి అది ఊగడం మాని గిర్రున తిరిగి, దారమంతా మెలిపెట్టేసింది. దారానికీ స్పూనుకీ మధ్య స్వివెల్ అనే, తనంతట తాను తిరిగే చిన్న లింకు వేస్తే ఆ మెలి చాలావరకు తగ్గుతుంది. స్వివెల్‌లు డబ్బా అడుగున, విప్పని ప్యాకెట్‌లో ఉన్నాయి.

తర్వాత క్రాంక్‌బైట్. దీని కిటుకంతా మూతి ముందున్న ప్లాస్టిక్ నాలుకలో ఉంది. లాగుతుంటే నీళ్లు ఆ నాలుక మీద తోసి చేప తలని కిందికి నొక్కుతాయి, ఒళ్లంతా వణుకుతుంది. నాలుక పొడుగ్గా, ముందుకి చాచి ఉంటే లోతుకి పోతుంది. పొట్టిగా, కిందికి వంగి ఉంటే పైపైనే ఈదుతుంది. 1936లో ఫిన్లండ్‌లో లౌరీ రాపాలా బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూతపూసి ఇలాంటి నాలుకచేపనే తయారుచేసుకున్నాడు. ఆయనకి పెద్దగా ఖర్చయినట్టు లేదు. బావగారి డబ్బా ఖరీదుకి మాత్రం కొర్రమీనే ఐదు కిలోలొస్తుంది, అదీ శుభ్రం చేసి.

చెరువు లోతు నాలుగడుగులు. బావగారు కట్టింది పదడుగులు దిగే రకం. అది బురద దున్నుకుంటూ పోయి మునిగున్న తుమ్మకంపని కరుచుకుంది. తేలే రకం ఇలా చిక్కితే దారం వదులు చేసి కాసేపు ఊరుకోవాలి, చాలాసార్లు అదే వెనక్కి జరిగి పైకొస్తుంది. రాకపోతే అవతలి పక్కకి వెళ్లి లాగాలి. బావగారు కర్ర పైకెత్తి విల్లులా వంచారు.

"అలా కాదు బావగారూ, కర్ర విరుగుద్ది!"

విరగలేదు, దారమే తెగింది. తెంపక తప్పకపోతే కర్రని లూరు వైపు తిన్నగా చూపించి, దారాన్ని గుడ్డలో చుట్టి లాగాలి. అల్లిక దారం ఉత్త చేతికి చుట్టుకుంటే వేలు కోసేస్తుంది.

చిట్టచివరికి రబ్బరు కప్ప. మన చెరువులకి సరిగ్గా సరిపోయేది ఇదే. బోలు ఒళ్లు, రెండు మొనలూ వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి గుర్రపుడెక్క మీద నుంచి లాగినా ఆకు తగులుకోదు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకొస్తూనే ఉంటుంది, కప్ప కదిలితే మీద పడుతుంది. ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా ఉన్నప్పుడైతే ఆకలి లేకపోయినా కొడుతుంది. ఆ గుంపు మీదకి విసరకపోవడమే మర్యాద. చేప నోరు మూస్తేనే కప్ప నొక్కుకుని మొనలు బయటికొస్తాయి. అందుకే నీళ్లు భళ్లుమన్నాక మనసులో రెండంకెలు లెక్కపెట్టి, దారం బిగిశాకే కర్ర ఎగలాగాలి. ఇది పొద్దుటి నుంచి బావగారే బామ్మర్దికి మూడుసార్లు పాఠం చెప్పారు.

తుంగ పక్కన భళ్లుమంది. బావగారు ఒకటి కూడా అనకుండా లాగారు. కొర్రమీను నోట్లోంచి కప్ప ఎగిరొచ్చి ఆయన భుజానికి దిగింది, చొక్కాతో సహా.

దానికీ పద్ధతుంది. కంటి దగ్గరో కీలు దగ్గరో దిగితే ముట్టుకోకుండా ఆసుపత్రికి పోవాలి. కండలో పైపైన దిగితే దారం కోసి, కప్ప తొడుగు తీసేసి, రెండో మొనకి రబ్బరు ముక్క గుచ్చాలి. గాలం వంపులో గట్టి దారం ఉచ్చు వేసి, గాలం కాడని చర్మానికి ఆనేలా వేలితో నొక్కితే లోపలి ఎదురుముల్లు పట్టు వదులుతుంది. అప్పుడు ఒక్క ఊపున దారాన్ని వెనక్కి లాగాలి. మెల్లగా లాగితే నరకమే. తర్వాత సబ్బుతో కడిగి, టీటీ ఇంజక్షన్ సంగతి చూసుకోవాలి.

బామ్మర్ది ఉచ్చు వేశాడు, కాడ నొక్కాడు, దారం బిగించాడు. అలాగే నిలబడ్డాడు.

"లాగరా బాబూ!"

"ఉండండి బావగారూ, రెండంకెలు లెక్కపెడుతున్నా."