ఒరెగాన్ ఘనత బాయిలర్ గదిది

అమెరికా యుద్ధనౌక ఒరెగాన్ పేరు వినగానే చరిత్ర చదివినవాళ్లకు రెండు సంగతులు గుర్తొస్తాయి. 1898లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణ అమెరికా కొస చుట్టూ తిరిగి ఫ్లోరిడా చేరిన 66 రోజుల పరుగు ఒకటి. ఆ పరుగు చూశాకే పనామా కాలువ ఎందుకు అవసరమో అమెరికా జనానికి అర్థమైందనే మాట రెండోది. రెండూ నిజమే. కానీ పాఠ్యపుస్తకాలు ఈ రెండింటి దగ్గరే ఆగిపోతాయి. 14,000 నాటికల్ మైళ్లు పైగా వచ్చిన నౌక రిపేరు కోసం రేవులో కూర్చోకుండా నేరుగా యుద్ధానికి ఎలా వెళ్లగలిగింది? అసలు అడగాల్సిన ప్రశ్న ఇది. దీనికి జవాబు పైన డెక్ మీద దొరకదు. బాయిలర్ల దగ్గరకు దిగాలి.

ముందు ఈ నౌక ఎలాంటిదో చూడాలి. 1890లో అమెరికా కాంగ్రెస్ మూడు యుద్ధనౌకలకు అనుమతి ఇచ్చింది. అప్పట్లో సుదూర సముద్రాల్లో పోరాడే నౌకాదళం తమకెందుకని చాలామంది సభ్యులు అడ్డం తిరిగేవారు. అందుకే చట్టంలో వీటిని తీరాన్ని కాపాడే నౌకలుగానే రాశారు. పదివేల టన్నులకు పైబడిన బరువు, నాలుగు 13 అంగుళాల ఫిరంగులు, ఎనిమిది 8 అంగుళాల ఫిరంగులు, 18 అంగుళాల మందం కవచం. ఇంత బరువును పొట్టి నౌక మీదకు ఎక్కించేసరికి అది నీళ్లలో బాగా కిందికి దిగింది. బొగ్గు పూర్తిగా నింపితే ఆ మందపాటి కవచం నీటి మట్టం కిందికి పోయేది. ఫిరంగులన్నీ ఒకే పక్కకు తిప్పితే నౌక ఆ పక్కకు ఒరిగేది. అంటే కాగితం మీద భయంకరమైన నౌక, సముద్రంలో మాత్రం ఇబ్బంది పెట్టే నౌక.

మూడింటిలో ఇండియానా, మసాచుసెట్స్‌లను ఫిలడెల్ఫియాలో క్రాంప్ కంపెనీ కట్టింది. ఒరెగాన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోలోని యూనియన్ ఐరన్ వర్క్స్ కట్టింది. గనుల యంత్రాలు చేసి పేరు తెచ్చుకున్న కంపెనీ అది. కవచం పలకలు తయారుచేసే మిల్లులు దేశానికి అటు చివర పెన్సిల్వేనియాలో ఉన్నాయి. 1891 నవంబరులో మొదలైన నౌక 1896 జులైకి గానీ దళంలో చేరలేదు. మూడింటికీ ప్లాను ఒకటే, ఇంజిన్ల రకం ఒకటే, ఫిరంగులూ అవే. ఈ మాట గుర్తుంచుకోండి. నా వాదన మొత్తం దీని మీదే నిలబడింది.

1898 ఫిబ్రవరిలో క్యూబాలోని హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయింది. స్పెయిన్‌తో యుద్ధం ఖాయమనుకున్న రోజుల్లో ఒరెగాన్‌ను అట్లాంటిక్‌కు రమ్మన్నారు. కెప్టెన్‌కు ఒంట్లో బాగోకపోవడంతో బయల్దేరడానికి రెండు రోజుల ముందు చార్లెస్ క్లార్క్ ఆ స్థానంలోకి వచ్చారు. మార్చి 19న లంగరు ఎత్తారు. అప్పుడు కింద చీఫ్ ఇంజనీరుగా ఉన్నది రాబర్ట్ మిలిగన్. ఈ కథలో అసలు కథానాయకుడు ఆయనే అని నా నమ్మకం.

మిలిగన్ పట్టుబట్టింది రెండు విషయాల మీద. ఒకటి నీళ్లు, రెండు బొగ్గు.

బాయిలర్‌లోకి ఉప్పునీళ్లు పోకూడదన్నాడు. ఎందుకంటే ఆవిరి ఇంజిన్‌లో తిరిగి చల్లబడి నీళ్లయి మళ్లీ బాయిలర్‌లోకే వస్తుంది. కానీ కీళ్ల దగ్గర, గొట్టాల దగ్గర కొంత పోతూనే ఉంటుంది. ఆ లోటును నౌకలోనే సముద్రపు నీటిని కాచి తీసిన మంచినీళ్లతో పూడ్చాలి. అవి చాలకపోతే చేతికందేది సముద్రపు నీళ్లే. అవి పోస్తే బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరలా ఉప్పు గొట్టాలకు పట్టేస్తుంది. వేడి నీటికి చేరదు. లోహం మాడుతుంది, గొట్టం కారుతుంది. ఒకసారి అలా జరిగిందంటే మళ్లీ రేవు చేరేదాకా ఆ బాయిలర్ సగం చచ్చినట్టే. అందుకని మంచినీళ్లు బాయిలర్లకు పోను మిగిలినవే మనుషులకు అన్నాడు మిలిగన్. తాగే నీళ్లకు కోత పడింది. ఉన్న కాస్త ఐసును కూడా సిబ్బంది తాము ముట్టకుండా కింద కొలిమిలో బొగ్గు వేసే స్టోకర్లకు వదిలేశారు. భూమధ్యరేఖ దాటుతున్న ఇనుప నౌకలో ఇది చిన్న త్యాగం కాదు.

ఇక బొగ్గు. కార్డిఫ్ బొగ్గు అంటే అప్పటి నౌకల్లో మేలురకం. వేడి ఎక్కువ, పొగ తక్కువ. దాన్ని దారిలో కాల్చొద్దని, వేరే గదిలో దాచి యుద్ధం రోజున మాత్రమే తీయాలని మిలిగన్ కోరాడు, క్లార్క్ సరేనన్నాడు. ప్రయాణమంతా రేవుల్లో దొరికిన బొగ్గుతోనే నెట్టుకొచ్చారు. మధ్యలో ఒక బొగ్గు గది దానంతటదే అంటుకుంది. మనుషులు లోపలికి దిగి గంటల తరబడి తవ్వితే గానీ నిప్పు దొరకలేదు. ఏప్రిల్ 4న పెరూలోని కయావో, ఆ తర్వాత తుపానులో మెగలాన్ జలసంధి, 30న రియో డి జనీరో. యుద్ధం ప్రకటించారన్న కబురు అక్కడే తెలిసింది. మే 24న ఫ్లోరిడా తీరం చేరేసరికి ఒరెగాన్ యుద్ధానికి సిద్ధంగా ఉంది. అంత దూరం వచ్చిన యుద్ధనౌక ఆ మాట అనగలగడం ఆ రోజుల్లో నమ్మశక్యం కాని విషయం.

ఇప్పుడు జులై 3కి వద్దాం. క్యూబాలోని శాంటియాగో రేవులో చిక్కుకున్న స్పెయిన్ దళం ఉదయం తొమ్మిదిన్నర దాటాక బయటకు దూకింది. అమెరికా నౌకలు వారాల తరబడి రేవు ముందు కాపలా కాస్తున్నాయి. బొగ్గు ఆదా కోసం చాలా నౌకలు కొన్ని బాయిలర్లనే వెలిగించుకున్నాయి. వేగానికి పేరున్న బ్రూక్లిన్ క్రూజర్ తన ఇంజిన్లలో సగాన్ని విడదీసి ఉంచింది. మసాచుసెట్స్ బొగ్గు కోసం గ్వాంటానమో వెళ్లింది. ఇండియానా అక్కడే ఉంది గానీ ఇంజిన్ల ఇబ్బంది వల్ల వేగం అందుకోలేకపోయింది. ఒరెగాన్ మాత్రం బాయిలర్లన్నీ వెలిగించి ఉంచింది. తనకన్నా కొత్తదైన అయోవాను దాటేసి ముందుకు దూసుకెళ్లింది. ఒకే ప్లానుతో పుట్టిన ఇండియానా వెనకబడితే ఒరెగాన్ వేటలో ముందుండడానికి కారణం ఏమిటి? ఫిరంగులు కాదు, కవచం కాదు, డిజైన్ అసలే కాదు. ఆ నౌక కింద ఎవరు ఎలా పనిచేశారన్నదే తేడా.

చివరికి మిగిలింది క్రిస్టోబాల్ కొలోన్. స్పెయిన్ నౌకల్లో అన్నిటికన్నా కొత్తది, వేగమైనది. అది దాదాపు 50 మైళ్లు పారిపోయింది. అప్పుడు ఒరెగాన్‌లో దాచిన కార్డిఫ్ బొగ్గు బయటికి తీశారు. అటు కొలోన్‌లో మేలురకం బొగ్గు అయిపోయి నాసిరకం వెయ్యాల్సి వచ్చింది. దూరం తగ్గింది. క్లార్క్ తర్వాత చెప్పిన సంగతి ఒకటి ఉంది. వేట మధ్యలో మిలిగన్ పైకి వచ్చి ఒక పెద్ద ఫిరంగి పేల్చమని అడిగాడట. శత్రువు ఇంకా దూరంలోనే ఉన్నాడు. అయినా ఎందుకంటే, కింద మనవాళ్లు అలసి సొమ్మసిల్లుతున్నారు, ఫిరంగి చప్పుడు వింటే దగ్గరకొచ్చేశామని తెలిసి మళ్లీ పార అందుకుంటారు అని. ఆకాశం కనిపించని చోట, యుద్ధం గెలుస్తున్నామో ఓడుతున్నామో తెలియకుండా బొగ్గు ఎత్తిపోసిన మనుషులు వాళ్లు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక 13 అంగుళాల గుండ్లు చుట్టుపక్కల పడుతుంటే కొలోన్ తీరానికి ఎక్కి లొంగిపోయింది.

శత్రువు బలహీనుడు కాబట్టే ఇదంతా సాధ్యమైందనే వాదన ఉంది. కొలోన్‌కు ప్రధాన ఫిరంగులే బిగించలేదు. విస్కాయా అనే మరో స్పెయిన్ నౌక అడుగు భాగానికి సముద్రపు నాచూ గుల్లలూ పట్టి వేగం పోయింది. స్పెయిన్ నౌకల చెక్క డెక్‌లు అంటుకుని కాలిపోయాయి. ఇవన్నీ నిజాలే, కానీ ఇవి నా వాదనకే బలం. అడుగు గీకించుకోని నౌక పరుగెత్తలేక దొరికిపోయిందంటే, యుద్ధానికి ముందు మెయింటెనెన్స్‌లోనే ఆ నౌక ఓడిపోయిందని అర్థం. ఇక అమెరికా ఫిరంగుల ఘనత చూస్తే, ఆ రోజు వేలాది గుండ్లు పేల్చితే తగిలినవి నూటికి రెండు కూడా లేవు. అలాంటి గురితో గెలిచింది వెంటపడి దగ్గరకు చేరగలిగినందువల్లే.

మరి పేరు ఎవరికి వచ్చింది? ఆ ఉదయం దళాధిపతి శాంప్సన్ తన నౌకలో కొన్ని మైళ్ల దూరం వెళ్లి ఉన్నారు. అక్కడ ఉన్నది ఆయన తర్వాతి స్థానంలోని అధికారి ష్లే. గెలుపు ఎవరిదని ఈ ఇద్దరి మనుషులూ పత్రికలకెక్కి ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 1901లో విచారణ కోర్టు దాకా వెళ్లింది. అన్ని వేల పేజీల గొడవలో స్టోకర్ల ఊసు ఎంతని! ఆ రోజుల్లో ఇంజనీర్లకు తోటి ఆఫీసర్లతో సమాన హోదా కూడా లేదు. పైన నిలబడి ఆజ్ఞలిచ్చేవాళ్లు ఒక వర్గం, కింద యంత్రాలు నడిపేవాళ్లు వేరే వర్గం. 1899 మార్చిలో వచ్చిన చట్టం ఇంజనీర్లను తెచ్చి ప్రధాన శ్రేణిలో కలిపింది. యుద్ధానికి ముందే దాన్ని సిఫార్సు చేసిన బోర్డుకు అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్. ఒరెగాన్ కథలో పనామా కాలువకు దక్కిన పేరులో పదో వంతు కూడా ఈ చట్టానికి దక్కలేదు. నా దృష్టిలో కాలువతో సమానమైన సంస్కరణ ఇది.

నౌకల లెక్కలు రాసే వాళ్లందరితో నా పేచీ కూడా ఇదే. ఏ దేశం గురించైనా వార్తలో వచ్చేది ఎన్ని నౌకలు, ఎన్ని క్షిపణులు అనే సంఖ్యే. 1904 అక్టోబరులో రష్యా బాల్టిక్ నుంచి కొత్త యుద్ధనౌకలతో సహా పెద్ద దళాన్ని జపాన్ మీదకు పంపింది. సంఖ్య చూస్తే గొప్పగానే ఉంది. ఏడు నెలలు దారిలోనే నలిగి, డెక్‌ల మీద కూడా బొగ్గు కుప్పలు పోసుకుని, అడుగున నాచు పట్టి ఆ నౌకలు జపాన్, కొరియాల మధ్య ఉన్న సుషిమా దగ్గరకు చేరాయి. 1905 మేలో రెండు రోజుల్లో ఆ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఒరెగాన్ పరుగు జరిగి అప్పటికి ఏడేళ్లే. దాని నుంచి నేర్చుకోవాల్సింది కళ్లముందే ఉంది.

చివరికి అమెరికా కూడా మర్చిపోయింది. బోయిస్ అనే అణు జలాంతర్గామి 2015 మొదట్లో గస్తీ ముగించుకుని వచ్చింది. రిపేరుకు డాక్ ఖాళీ లేక వరుసలో నిలబడింది. 2017లో నీళ్లలో మునిగే అర్హత కూడా పోయింది. పూర్తి ఓవర్‌హాల్‌కు దాదాపు 120 కోట్ల డాలర్ల కాంట్రాక్టు కుదిరింది 2024లో. చెడిపోయింది దాని ఆయుధాలు కాదు. పనివాళ్లు చాలలేదు, డాక్‌లు చాలలేదు. అన్నేళ్లూ అది రేవులోనే కట్టేసి ఉంది. అమెరికా దళంలో ఇన్ని జలాంతర్గాములు ఉన్నాయని ప్రభుత్వం చెప్పిన లెక్కలో, పత్రికలు అచ్చేసిన లెక్కలో, ఏళ్ల తరబడి బోయిస్ కూడా ఒకటి.