డాబా మీది గది గారికి కిందింటివాళ్ల అర్జీ

మహారాజశ్రీ డాబా మీది గది గారికి,

నల్లగొండ నుంచి కిందింటివాళ్లు నమస్కరించి రాసుకునేది. తమరు ఇంకా పుట్టనే లేదు, ఇంట్లో సగం ముచ్చట్లు మాత్రం తమరివే. "స్లాబు ఉండనే ఉంది, జాగా కొనే పని లేదు, నాలుగు గోడలు లేపి రేకులు పరిస్తే అయిపాయె" అని లోకమంతా తమరి చవకతనాన్ని కీర్తిస్తోంది. ఆ కీర్తికి భంగం కలిగిస్తున్నందుకు మన్నించాలి.

ముందు ఆ నాలుగు గోడలు. పది బై పన్నెండు గది, తొమ్మిదడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం అనుకుంటే దర్వాజ, కిటికీ పోను పదహారు వందల ఇటుకల దాకా మింగుతారు. రెండు వైపులా ప్లాస్టరింగు కలిపితే మీటరు పొడవు గోడ దాదాపు 700 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల భారత ప్రమాణం) లెక్కగట్టే బరువేమో చదరపు మీటరుకు 150 కిలోలు. కాబట్టి తమరు కోరిన చోట కాదు, కింద బీము ఉన్న చోటే కూర్చోవాలి. స్లాబు నడిమధ్య కూర్చుంటే కిందిగది సీలింగు మీద నెర్రెలు వస్తాయి, వానాకాలం వాటిలోంచే చెమ్మ దిగుతుంది. ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుకలు) కడితే ప్లాస్టరింగుతో కలిపి బరువు దాదాపు సగానికి తగ్గుతుంది గానీ, బీము అవసరం తీరదు.

రేకులు నామోషీ, స్లాబే కావాలంటారా? అయిదు అంగుళాల మందానికి పదకొండు, పన్నెండు బస్తాల సిమెంటు, క్వింటాలు పైచిలుకు ఇనుప సలాక. కాంక్రీటు ఒక్కటే మూడున్నర టన్నులు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది నిజమే. ఆ మిగులును సెంట్రింగు వాళ్లు, ఇటుకల్ని మెట్ల మీదుగా పైకి మోసే కూలీలు ఒక్కపూటలో సరిచేస్తారు.

ఇక పిల్లర్ల మీద తమరి కోసమే వదిలిన సలాకలు. "రేపో మాపో పైన వేస్తం" అని వదిలి, ఎండకూ వానకూ అప్పగించిన జెండా కర్రలవి. 12 ఎంఎం సలాకను అతకాలంటే రెండడుగుల ల్యాపు కావాలి, అంటే పాతదీ కొత్తదీ అంత పొడవున జంటగా నడవాలి. వైరు బ్రష్షుతో గీకండి, తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. కాంక్రీటులోంచి బయటికొచ్చే మొదట్లోనే సలాక అన్నిటికన్నా సన్నబడి ఉంటుంది. అప్పుడు పిల్లరు తల చిప్పింగు చేసి (కాంక్రీటు చెక్కి) మంచి సలాక దాకా దిగాలి, లేదంటే డ్రిల్లు కొట్టి సలాకను పట్టి ఉంచే కెమికల్ పోసి కొత్తవి నాటాలి. వదిలిన రోజే సిమెంటు పాలు పూసి, పలుచని కాంక్రీటుతో కప్పేస్తే పోయేది. ఈ ఖర్చు ఏ మేస్త్రీ గుత్తలోనూ కనబడదు, పని మొదలయ్యాక పుడుతుంది.

రేకులకే ఒప్పుకున్నారనుకుందాం. స్క్రూ రేకు ఉబ్బు మీద పడాలి, నీళ్లు పారే గాడిలో కాదు. గాడిలో కొడితే పని తొందరగా అవుతుంది, అందుకే చాలామంది అక్కడే కొడతారు. వాషరు రబ్బరు ఎండకు పెళుసెక్కి పగిలాక ప్రతి స్క్రూ ఒక చిన్న నల్లా. గోడకూ రేకుకూ మధ్య ఫ్లాషింగు పట్టీ (సందును కప్పే రేకు ముక్క) పెట్టకుండా సిమెంటు పూసి వదిలేస్తే అది మొదటి వేసవికే విడుస్తుంది, ఎందుకంటే రేకు ఎండకు సాగుతుంది, గోడ అంతగా సాగదు.

వేడి గురించి మే నెలలో తమరితోనే మాట్లాడాలి, కానీ అప్పుడు తమ లోపల ఎవరూ ఉండలేరు. రాష్ట్రం 2023లోనే చలువ కప్పుల విధానం తెచ్చింది, తెల్లరంగు కొంత ఆదుకుంటుంది. పడుకోవాలంటే మాత్రం మామూలు రేకు బదులు 50 ఎంఎం పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య వేడిని ఆపే ఫోము) వేయాల్సిందే. ధర అడిగినోళ్లు ఏసీ వైపు మళ్లుతారు, ఆ తర్వాత నెలనెలా కరెంటు బిల్లు.

బాత్రూం కింది బాత్రూం నెత్తినే ఉండాలని వేరే చెప్పాలా? పక్కకు జరిగితే నాలుగంగుళాల పైపుకు వాలు కోసం ఫ్లోరు లేపుకుంటూ పోవాలి.

చివరిగా ట్యాంకు. ఇప్పుడది డాబా మీద, తమరు రాబోయే మూలనే ఉంది. తమరి షవరుకు నీళ్లు రావాలంటే అది తమ తలకన్నా పైకెక్కాలి. వెయ్యి లీటర్లంటే టన్ను, రేకుల మీద నిలవదు కాబట్టి పక్కన విడిగా ఇనుప స్టాండు, పొడుగైన పైపు, కొత్త ఎత్తుకు తూగకపోతే మోటరు కూడా. ఈ పద్దు కిందింటి లెక్కలో రాయమంటారా, తమరి లెక్కలోనా, సెలవియ్యగలరు.

ఇట్లు,
తమరి బరువు మోయబోయే కిందింటివాళ్లు