ఈశాన్యంలో బూరె

ఎదిగే పిల్లలకి ఏది కొన్నా రెండు సైజులు పెద్దది కొనాలని మావారి నమ్మకం. మా చిన్నాడి యూనిఫాం అలాగే కుట్టిస్తారు. అది ఒంటికి అతికినట్టు సరిపోయేనాటికి మోకాళ్ళ దగ్గర చిరుగుతుంది. అదే లెక్కన, రెండు నెలల లాబ్రడార్ కూనకి 42 అంగుళాల క్రేట్, అదే కుక్కని పడుకోబెట్టే కమ్మీల బోను, తెప్పించారు. పూర్తిగా ఎదిగిన లాబ్రడార్ పట్టే సైజు అది. గుండ్రంగా, బంగారు రంగులో ఉందని బూరె అని పేరు పెట్టిన ఆ కూన అందులో దూరితే, ఫంక్షన్ హాల్లో ముందే వచ్చి కూర్చున్న చుట్టంలా ఉంది.

క్రేట్‌తో పాటు లోపల అడ్డంగా బిగించుకునే కమ్మీల తడిక ఒకటి వచ్చింది. కూన ఎదిగేకొద్దీ దాన్ని వెనక్కి జరుపుకుంటూ పోవాలి. "ఇదేదో ఎక్స్‌ట్రా పంపారే" అని మావారు సంతోషించి అటక మీద పడేశారు.

కుక్క తను పడుకునే చోటు పాడుచేసుకోదు. క్రేట్ ట్రైనింగ్ మొత్తం ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది. నిలబడటానికి, ఇటూ అటూ తిరగడానికి, కాళ్ళు చాపుకోవడానికి సరిపడా చోటుంటే, బయటికి తీసుకెళ్ళేదాకా వీలైనంత ఆపుకుంటుంది. డబుల్ బెడ్‌రూమ్ ఇస్తే ఎందుకు ఆపుకుంటుంది? బూరె ఒక మూల పడక వేసుకుని, ఎదుటి మూల అటాచ్డ్ బాత్రూమ్ పెట్టుకుంది.

మా అత్తగారికి మొదట్నుంచీ ఆ బోను గిట్టలేదు. "తల్లిపాలు మానిపించి తెచ్చిందే కాక, జైల్లో పెడతార్రా! ఉసురు తగుల్తుంది" అంటూనే ఉన్నారు. ఓ పొద్దున నేను తడిమూల తుడుస్తుంటే వచ్చి నిలబడి, కిటికీ వంకా బోను వంకా చూసి, ఒక్కసారిగా గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"అమ్మాయ్, అది ఈశాన్యం కదూ?"

"అవునత్తయ్యా."

"ఈశాన్యంలో దొడ్డా! ఇంకా వీడికి హైక్ ఎందుకు రాలేదా అనుకుంటున్నా!"

హైకులు ఏప్రిల్లో వేశారు, కూన వచ్చింది జూన్‌లో. అయినా వాస్తు దోషం ముందున్న నెలల్ని కూడా పట్టుకుంటుంది కాబోలు. బోనుని తిప్పించారు. వాయవ్యమైతే ఫరవాలేదట. తెల్లారి చూస్తే బూరె మళ్ళీ ఈశాన్యంలోనే పోసింది. ఇంకోవైపు తిప్పారు. అయినా ఈశాన్యమే. దానికి దిక్సూచి ఎక్కడుందోగానీ గురి తప్పడం లేదు.

విషయం తేల్చింది మావయ్యగారు. మనుషుల అలికిడి వినిపించే వైపు పడుకుని, దానికి దూరంగా ఉన్న మూలకి వెళ్తోందట. మా పడగ్గది నైరుతిలో ఉంది మరి. పైగా నేను ఫినాయిల్‌తో తుడుస్తున్నాను. ఆ ఘాటు మన ముక్కుకే, దాని ముక్కుకి అడుగునున్న పాత వాసన అందుతూనే ఉంటుంది. నేల నాకే కూన ఉన్న ఇంట్లో ఫినాయిలే వద్దని డాక్టరు గారు కూడా మందలించారు.

మావయ్యగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. కూన వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క ఉంది. రెండుకి ఒకటి కలిపితే మూడు. రాత్రి 11, 2, 5 అని ఫ్రిజ్ మీద టైంటేబుల్ అతికించారు. అది గరిష్ఠ పరిమితి నాన్నా, పూచీ కాదు అని మావారు చెప్పబోయారుగానీ వినలేదు. లిఫ్టులో కుక్కలేంటని ఎవరైనా అడుగుతారేమోనని, పెంపుడు జంతువుల్ని లిఫ్టులో రానివ్వకుండా నిషేధించకూడదన్న భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నారు. రాత్రి రెండింటికి అడిగేవాళ్ళెవరూ లేరు. లిఫ్టు మాత్రం మూడో అంతస్తు దాటేసరికి తడిసేది.

అసలు టెన్షన్ ఏడుపుతో. లోపల పెట్టి గడియ వేస్తే బూరె సన్నగా మొదలుపెట్టి, శంఖం దాకా వెళ్ళేది. పొద్దున్నే అన్నం లోపలే పెట్టి, తలుపు తీసే ఉంచి, మెల్లగా అలవాటు చేయాలి. అంత ఓపిక ఎవరికుంది? మావారు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి నియమం చెప్పారు: "బయటికెళ్ళే టైము కాకుండా ఏడిస్తే తలుపు తీయకండి. నోరు మూసుకున్నాకే తీయాలి. తీయగానే బిస్కెట్ పెట్టి గుడ్ బాయ్ అనాలి. లేకపోతే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది." అత్తగారు తలూపి, ఆ రాత్రే తీశారు. గిన్నెతో గేదెపాలు కూడా పోశారు. మర్నాడు ఇల్లంతా ఒక దిక్కని కాకుండా అయింది. వాస్తు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున మావారికి కొత్త ఆలోచన వచ్చింది. మనిషే లోపలికి వెళ్ళి చూపిస్తే కూన భయపడదని, చేతిలో బిస్కెట్ పట్టుకుని మోకాళ్ళ మీద బోనులో దూరారు. తల, భుజాలు, బొజ్జ అన్నీ వెళ్ళాయి. కాళ్ళు కూడా ముడిచి లాక్కున్నారు. "రా బూరే, చూడు, ఎంత హాయిగా ఉందో!"

బూరె రాలేదు. చిన్నాడు వచ్చాడు. తలుపు మూసి, గడియ జరిపాడు.

"ఒరేయ్, తియ్యరా!"

"అరిస్తే తీయను నాన్నా. నోరు మూసుకున్నాక తీస్తా."

"మెడ పట్టేసిందిరా వెధవా!"

"మళ్ళీ ఏడుస్తున్నావ్."

నేను వంటింట్లోంచి వచ్చేసరికి వాడు బిస్కెట్ పట్టుకుని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బూరె వాడి ఒళ్ళో కూర్చుని శ్రద్ధగా చూస్తోంది. గడియ తీద్దామంటే నవ్వాగక చేతులు పట్టు తప్పుతున్నాయి. అప్పుడే బెల్లు మోగింది. రాత్రిళ్ళు మీ ఇంట్లోంచి ఏడుపులు వస్తున్నాయని కంప్లయింట్ వచ్చిందట, అసోసియేషన్ సెక్రటరీ గారు. మావయ్యగారు తలుపు తీసి, ఆయన నోరు తెరవకముందే జేబులోంచి 2015 కాయితం తీసి చేతిలో పెట్టారు.

సెక్రటరీ గారు అది చదవలేదు. బోను వంక చూస్తున్నారు. లోపలి నుంచి మావారు చెయ్యెత్తి నమస్కారం పెట్టబోతే మోచెయ్యి కమ్మీకి తగిలింది. "అబ్బా!"

"నాన్నా, ఉష్!" అన్నాడు చిన్నాడు.

సాయంత్రానికి అటక మీది తడిక దిగింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్ కూడా వచ్చింది: "4వ అంతస్తు ఏడుపుల గురించి స్వయంగా విచారించడమైనది. కుక్కపిల్ల బయటే ఉన్నది. బోనులో ఫ్లాటు ఓనరు గారు ఉన్నారు. ఆరోగ్యంగానే ఉన్నారు."