నిమ్మతొనల అక్షింతలు

మా పక్కింటివాళ్ళు యూదులు. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు నిండాయి, బార్ మిత్స్వా చేస్తున్నాం, శనివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా సినగాగ్‌కి, అంటే వాళ్ళ గుడికి, రావాలి అని కార్డు ఇచ్చి వెళ్ళారు. బార్ మిత్స్వా అంటే మన ఒడుగుకి దూరపు చుట్టం అనుకోండి. ఆ రోజు నుంచి ధర్మాలు పాటించే విషయంలో పిల్లాడు పెద్దవాడి కింద లెక్క. హోంవర్కు విషయంలో మాత్రం కాదని వాళ్ళమ్మ చెప్పింది.

న్యూజెర్సీలో ఎడిసన్‌ని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్ మాది. ఎడిసన్ వైపు వెళ్తే ఎక్కడ తుమ్మినా 'చిరంజీవ' అనేవాళ్ళు దొరుకుతారు. మా వైపు శనివారం పొద్దున్నే కుటుంబాలకి కుటుంబాలే మంచి బట్టలు కట్టుకుని ప్రార్థనకి నడిచి వెళ్తుంటాయి.

మా పక్కింటాయన సినగాగ్‌లో చేరి ఐదేళ్ళయింది. భక్తితో కాదు. ఓ చలికాలం ఇద్దరం వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటుంటే ఆయనే చెప్పాడు. అక్కడ బార్ మిత్స్వా చేయాలంటే పిల్లాణ్ణి ముందు కొన్నేళ్ళు హీబ్రూ బడికి పంపాలి. ఆ బడిలో చేరాలంటే ఇంటిల్లిపాదీ సభ్యులవ్వాలి. సభ్యులంటే ఏటా చందా. చందా అంటే వినాయక చవితి పందిరికి రాసే నూటపదహార్లు అనుకునేరు, కారు ఇన్సూరెన్స్ పక్కన దర్జాగా కూర్చోగల అంకె.

"హాయిగా హుండీ పెట్టుకోవచ్చుగా, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు" అని సలహా ఇచ్చాను.

"జనం వచ్చేది శనివారం. శనివారం డబ్బు ముట్టుకోకూడదు" అన్నాడు. హుండీ పథకం అక్కడే మంచులో కూరుకుపోయింది.

"అందుకే, మా వాడి బార్ మిత్స్వా అయిన మర్నాడు సభ్యత్వానికి దణ్ణం" అంటూ వాళ్ళలో పాతకాలం నుంచి చెప్పుకునే జోకు ఒకటి చెప్పాడు. ఓ సినగాగ్‌లో ఎలుకలు పడ్డాయిట. బోనులు పెట్టారు, మందు పెట్టారు, పిల్లిని తెచ్చారు. పోలేదు. చివరికి రబ్బీగారు, అంటే వాళ్ళ మతగురువు, ఎలుకలన్నిటికీ బార్ మిత్స్వా చేయించారు. మళ్ళీ ఒక్క ఎలుక కనబడితే ఒట్టు!

ఫంక్షన్‌కి మా ఆవిడ రెండు కేజీల పులిహోర కలుపుతానంది. పక్కింటావిడ ఆమె చేతులు పట్టుకుని మరీ వద్దంది. అక్కడిది కోషర్ వంటిల్లు, అంటే వాళ్ళ ఆహార నియమాల ప్రకారం నడిచేది, బయట వండింది లోపలికి రాకూడదు. "మడి కాబోలు" అని మా ఆవిడ వెంటనే గ్రహించింది. నేను గ్రహించలేకపోయింది ఇంకొకటి. టిఫిన్ పెడతారులే అని ఖాళీ కడుపుతో బయల్దేరాను. తిండి ప్రార్థన అయ్యాకే. ప్రార్థన దాదాపు మూడు గంటలు.

గుమ్మంలో బుట్టనిండా చిన్న టోపీలు. మగవాళ్ళు ఏ మతం వాళ్ళైనా ఒకటి నెత్తిన పెట్టుకుని లోపలికెళ్ళాలి. నాకు దొరికినదాని లోపల వెండి అక్షరాలతో ఎవరివో పేర్లు, 1987 నాటి పెళ్ళి తేదీ. పెళ్ళికి చదివించిన స్టీలు గిన్నె మీద పేరు కొట్టించినట్టు, వీళ్ళు టోపీల మీద కొట్టిస్తారు. నా బట్టతల మీద ఆ పెళ్ళి ఎక్కువసేపు నిలబడలేదు. మూడుసార్లు జారింది.

ఈ సినగాగ్‌లో ఆడా మగా కలిసే కూర్చుంటారు. మేం వెనక వరసలో సర్దుకున్నాం. ఫోటోలు తీయకూడదు, ఫోన్లు బయటికి రాకూడదు. వీడియోవాడు అడ్డం నిలబడని ఫంక్షన్ నేను చూడటం అదే మొదలు. తోరా, అంటే వాళ్ళ ధర్మగ్రంథం, రాసిన చుట్టని వెల్వెట్ గుడ్డలో చుట్టి, వెండి ఆభరణాలు తొడిగి, ఉత్సవమూర్తిని తిప్పినట్టు వరసల మధ్య తిప్పారు. అందరూ పుస్తకం అంచుతో దాన్ని తాకి ఆ పుస్తకాన్ని ముద్దుపెట్టుకుంటున్నారు. నేనూ తాకి, అలవాటు చొప్పున కళ్ళకద్దుకున్నాను. పక్కాయన మెచ్చుకోలుగా తలాడించాడు. ఇక్కడిదాకా మన పరువు చెక్కుచెదరలేదు.

పిల్లాడు చదవడం మొదలెట్టాడు. అప్పుడే గొంతు మారుతున్న వయసు కదా, ఒక వాక్యం వాళ్ళ నాన్నలా, తర్వాతి వాక్యం వాళ్ళ చెల్లెల్లా వినిపిస్తోంది. తోరా చుట్టలో అచ్చుల గుర్తులు ఉండవు. గుణింతాలు లేని తెలుగు చదవడం లాంటిది. దాన్ని ఇంతలేసి పిల్లాడు రాగం తీసి చదువుతుంటే మా ఆవిడ నా వైపు చూసింది. మావాడికి తెలుగు బడిలో ఇంకా 'ఖ' దగ్గరే పేచీ.

పిల్లాడి వంతు అయిపోవస్తుండగా ఇద్దరు చిన్నపిల్లలు బుట్ట తిప్పారు. మనిషికి రెండేసి జెల్లీ మిఠాయిలు, రంగు కాగితాల్లో చుట్టినవి. అప్పటికి పన్నెండు కావస్తోంది. ప్రసాదం కదా అని రెండూ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

"ఏమండీ," మా ఆవిడ మోచేత్తో పొడిచింది, "ఎవరూ తినట్లేదండీ."

నిజమే. అందరూ మిఠాయిలు గుప్పిట్లో పట్టుకుని, పరుగుపందెంలో విజిల్ కోసం చూస్తున్నట్టు కూర్చున్నారు. పిల్లాడు ఆఖరి మాట పలికాడో లేదో, హాలంతా లేచి వాటిని వాడి మీదికి విసరడం మొదలెట్టింది! పాటలు, చప్పట్లు. చిన్నపిల్లలు కిందపడ్డవి ఏరుకోవడానికి వేదిక మీదికి ఒకటే పరుగు.

ఓహో, అక్షింతలు! పక్కింటి కుర్రాడు, మా కళ్ళముందు పెరిగినవాడు, ఒట్టి చేతులతో ఎలా ఊరుకుంటాను? జేబులు తడుముకున్నాను. కోటు జేబులో మా అత్తగారు తెనాలి నుంచి తెచ్చిన నిమ్మతొనలు నాలుగైదు తగిలాయి. కాలేజీ రోజుల్లో బౌండరీ దగ్గర్నుంచి నేరుగా వికెట్లు పడగొట్టిన చెయ్యి నాది. శుభం పలుకుతూ అన్నీ ఒకేసారి విసిరాను.

విసిరేవి మెత్తటి జెల్లీలే ఎందుకై ఉంటాయో అప్పుడర్థమైంది. నిమ్మతొన జెల్లీ కాదు. పిల్లాడి చెవి పక్కనుంచి దూసుకుపోయి, ముందు వరసలో ఓ పెద్దాయన నెత్తికి 'టక్'మని తగిలింది. పాట హోరులో ఆ చప్పుడు విన్నవాళ్ళు తక్కువ. ఆయన విన్నాడు. తల తడుముకుని, వంగి నిమ్మతొన ఏరుకుని, కళ్ళజోడు పైకెత్తి దాన్ని పరిశీలించి, మెల్లగా వెనక్కి తిరిగాడు. నేను పరమభక్తితో ప్రార్థనల పుస్తకంలో తల దూర్చాను. పుస్తకం తలకిందులుగా ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది. ఆ రోజు పిల్లాడికి జెల్లీలు పడ్డాయి గానీ, అసలైన అక్షింతలు కారెక్కాక నాకు పడ్డాయి.

ముందు భోజనాలున్నాయిగా. నేను గుడ్డు సలాడ్ వడ్డించుకుంటుంటే ఆ పెద్దాయన నాప్కిన్‌లో నిమ్మతొనతో ఎదురయ్యాడు.

"ఇది నీదేనా బాబూ?"

ఒప్పుకున్నాను. పాదాలమీద పడబోతే ఆపాడు.

"దీనికి కోషర్ గుర్తు ఉందా?"

లేదన్నాను.

"అయితే నా తలకి తగలచ్చు గానీ నోట్లోకి వెళ్ళకూడదన్నమాట" అని దాన్ని భద్రంగా నా చేతిలో పెట్టి, తన జేబులోంచి ఒక చాక్లెట్ తీసి ఇచ్చాడు. అప్పుడు చూశాను, ఆయన వెనకాల పిల్లల క్యూ ఉంది. ప్రతి శనివారం జేబుల నిండా మిఠాయిలతో వచ్చే తాత ఆయన. చాలా సినగాగ్‌లలో ఇలాంటివాడొకడు ఉంటాడట. పక్కింటివాళ్ళ చిన్నదాన్ని శనివారం నిద్రలేపేది అలారం కాదు, ఈయన జేబేనట.

యాభై ఏళ్ళ కిందట వీళ్ళ నర్సరీ స్కూల్లో సభ్యుల పిల్లలకి ఫీజు తక్కువని చేరాడట ఈయన. తర్వాత మూడుసార్లు మానేద్దామనుకున్నాడట. ఒకసారి కొత్త రబ్బీ నచ్చక, ఒకసారి తన సీట్లో ఇంకెవరో కూర్చున్నారని, ఒకసారి ఏసీ గొడవ మీద.

"మరెందుకు మానలేదు?"

"రాజీనామా రాస్తుంటే ఫోన్ వచ్చేది. 'తొమ్మిదిమందే ఉన్నాం, వస్తావా?' అని."

కనీసం పదిమంది యూదులు లేకపోతే కొన్ని ప్రార్థనలు చేయకూడదు. అమ్మానాన్నలు పోయినవాళ్ళు చదివే కద్దిష్ వాటిలో ఒకటి. మనం పదిమంది ఏమనుకుంటారో అని భయపడతాం. వీళ్ళ భయం పదిమంది దొరుకుతారో లేదో అని. పైగా మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదు, దిష్టి. అందుకని 'ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు' అంటూ లెక్కపెట్టే ఆచారముంది. మా తాతయ్య వడ్లు కొలుస్తూ ఒకటికి బదులు 'లాభం' అనేవాడని, ఏడు రాగానే 'ఆరున్నొక్కటి' అనేవాడని చెబితే పెద్దాయన మురిసిపోయాడు.

"మీ వైపు యూదులున్నారా?" అనడిగాడు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే యూదులున్నారని, చిన్న సినగాగ్ కూడా ఉందని చెప్పాను. మా తెనాలికి కూతవేటు దూరం, ఎన్నడూ వెళ్ళిన పాపాన పోలేదు. ఆయన తెలుగు గురించి అడగలేదు, చరిత్ర అడగలేదు.

"పదిమంది దొరుకుతారా?" అన్నాడు.

జూన్‌లో సభ్యత్వం రెన్యువల్ కాగితం వచ్చింది. పక్కింటాయన దాన్ని కంచె మీదుగా నాకు చూపించి, "రేపే ఉత్తరం రాసేస్తా, ఎలుక పారిపోతోంది" అన్నాడు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. అవతల గొంతు నాకూ వినిపించింది, మన జేబు తాతే.

"ఎన్నోవాడు కావాలిట?" అనడిగాను.

"తొమ్మిది కాదుట" అంటూ చెప్పులు మార్చుకోవడానికి లోపలికెళ్ళాడు.

"నేను రానా పోనీ?"

"నువ్వు మంచివాడివే గానీ, లెక్కలోకి రావు" అని కారెక్కాడు.

ఆ కాగితం ఇప్పుడు వాళ్ళ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది, చెక్కు జతచేసి. ఇంకా చిన్నదుంది కదా, దానికి మూడేళ్ళలో బాత్ మిత్స్వా అని వాళ్ళావిడ గుర్తుచేసిందట. ఆ తర్వాత మాత్రం ఖాయంగా మానేస్తాడట. మమ్మల్ని ఇప్పుడే పిలిచేశారు. మా ఆవిడ ఆదివారం నా కోటు జేబులు రెండూ కుట్టేసింది.