స్ట్రోబ్ లైటు బావుకి ఒక వైండింగు మేస్త్రీ విన్నపం

మహారాజశ్రీ స్ట్రోబ్ లైటు బావుగారికి, శ్రీకాకుళంలో ఫ్యాన్లూ మోటార్లూ వైండింగు చేసుకుని బతికే మేస్త్రీ దండాలు పెట్టి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేం క్షేమం. తమరు క్షేమమో కాదో బ్యాటరీ విప్పి చూస్తేగాని తెలీదు. తమరు అనడం ఇంతటితో ఆపేస్తాను. డబ్బులిచ్చి కొన్నది నేను గనక ఇక నువ్వే.

"లెక్కగా మెరిసి మెరిసి, తిరుగుతున్నదాన్ని ఆపకుండానే ఆగినట్టు చూపిస్తాది బావూ" అని చెప్పి నిన్ను నాకు అంటగట్టారు. మా ఊళ్ళో తిరుగుతున్నదాన్ని ఆపడానికి స్విచ్చి ఉంది, అది చాలకపోతే కరెంటు కోత ఉంది. అయినా ఆశపడ్డాను. ఊగిపోయే ఫ్యాను ఎక్కడ ఊగుతోందో తిరుగుతుండగానే చూడొచ్చు కదా అని.

మొదటిరోజే పరువు తీశావు. ఒక రిటైరైన లెక్కల మేస్టారి ఫ్యాను, మూడు రెక్కలది. నిన్ను దానికేసి పట్టుకుని మెరుపుల జోరు మార్చే మీట తిప్పుకుంటూ వెళ్ళాను. నిమిషానికి 1050 మెరుపుల దగ్గర ఫ్యాను టక్కున నిలబడిపోయింది. రెక్క మీద దుమ్ము కూడా కనిపించింది. చుట్టూ కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. నేను గొంతు సవరించుకుని "1050 చుట్లు" అని ప్రకటించాను. మేస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాయినా, అంత జోరుగా తిరిగితే ఈపాటికి నా ఫ్యాను ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కీసి ఉండును" అన్నారు.

తర్వాత ఆయనే నీ గుట్టు విప్పారు. ఒక రెక్క చుట్టు తిరిగి తన చోటికి రాకముందే పక్క రెక్క వచ్చి అక్కడ కూర్చుంది. మూడూ కవలలు, కళ్ళకి తేడా ఏం తెలుస్తుంది? ఒక రెక్కకి తెల్ల టేపు ముక్క అంటించమన్నారు. అంటించి చూస్తే 1050 దగ్గర మూడు రెక్కలకీ టేపే! 700 దగ్గర రెక్కలు ఆరు, టేపులు రెండు. 350కి దిగాక మూడు రెక్కలు, ఒక్క టేపు. 175 దగ్గర కూడా ఒక్క టేపే, కాకపోతే అప్పుడు మెరుపుకీ మెరుపుకీ మధ్య ఫ్యాను రెండు చుట్లు తిరిగేస్తోంది. అందుకే పైనుంచి దిగుతూ రావాలి, మొదటిసారి టేపు ఒక్కటే కనిపించిన చోట ఆగాలి. మేస్టారి ఫ్యాను 350. కూలి తగ్గించి ఇచ్చారు, అది వేరే సంగతి.

నీ ఇంకో గుణం: కాస్త తొందరపడి మెరిస్తే ఫ్యాను వెనక్కి తిరుగుతున్నట్టు, కాస్త ఆలస్యంగా మెరిస్తే ముందుకి పాకుతున్నట్టు చూపిస్తావు. 1440 చుట్లు తిరిగే మోటారుని 1500 మెరుపుల్లో చూస్తే అది నిమిషానికి 60 చుట్లు వెనక్కి నడుస్తుంది. ఆ అరవయ్యే స్లిప్పు, అంటే 1500 తిరగాల్సిన మోటారు వెనకబడిన లెక్క. అబద్ధమాడుతూనే అసలు లెక్క ఇంత కచ్చితంగా అప్పజెప్పేవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

మీ వంశమే అంతట. 1832లో బెల్జియంలో జోసెఫ్ ప్లాటో అనే ఆయన, ఆస్ట్రియాలో స్టాంఫర్ అనే ఆయన ఒకరి సంగతి ఒకరికి తెలీకుండానే చీలికల చక్రం తిప్పి బొమ్మల్ని ఆడించారు. పాపం ఆ ప్లాటోకి తర్వాత చూపే పోయింది. 1931లో అమెరికాలో ఎడ్జర్టన్ మోటార్లని చూడ్డానికే నీకు విద్యుత్ మెరుపు పెట్టాడు. పాతకాలం చోకు ట్యూబులైటు కూడా మీ చుట్టమే, సెకనుకి వందసార్లు మినుకుతుంది. నేను ఐటీఐలో ఉన్నప్పుడు దాని వెలుగులో తిరిగే లేతు మిషను ఆగినట్టుందని ఒకడు చెయ్యి పెట్టబోయాడు. మా ఇన్‌స్ట్రక్టరు వీపు మీద ఒక్కటిచ్చి, మర్నాడే పక్కపక్క ట్యూబుల్ని, అన్నీ ఒక్కసారే మినకకుండా, వేరువేరు ఫేజుల మీద వేయించారు.

మా అరసవల్లిలో మార్చిలో కొన్నాళ్ళు, అక్టోబరులో కొన్నాళ్ళు పొద్దుటి కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయి. అదీ లెక్క కుదిరిన వెలుగే. కానీ మిగతా రోజుల్లో స్వామి అక్కడ లేడని ఎవరూ అనుకోరు. నువ్వు మాత్రం మెరుపుకీ మెరుపుకీ మధ్య జరిగింది అసలు జరగనే లేదనిపిస్తావు.

నీ దగ్గరే నేర్చుకున్నాడో ఏమో, మావాడూ అంతే. హైదరాబాదులో ఉద్యోగం. ఏటా భోగికి మెరిసి, కనుమ మర్నాడు ఆరిపోతాడు. వాడొచ్చేసరికి గోడలకి సున్నం, వాకిట్లో ముగ్గులు, వంటింట్లో అరిసెలు, నాకు కొత్త గెడ్డం గీత. "నాన్నా, మన ఇల్లు ఏటీ మారలేదు" అంటాడు. మా తమ్ముడి కొడుకు గల్ఫు నుంచి రెండేళ్ళకోసారి వస్తాడు. వాడికీ ఏటీ మారలేదు. మేస్టారి 175 లెక్క. ఒక ఏడాది సెలవు కలిసొచ్చి మావాడు పది రోజులు ముందే దిగాడు. సున్నం లేదు, అరిసెల్లేవు. "ఇల్లు వెనక్కెళ్ళిపోతంది నాన్నా" అని బెంగపడ్డాడు. వాళ్ళమ్మ మోకాళ్ళకి రెండు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరిగాం, షాపు మూసుకున్నాం. అవన్నీ నీ చీకట్లో పడిపోయాయి.

టేపు ముక్క అంటించాలని నాకూ తెలుసు బావూ. అదెప్పుడో అంటుకుంది, వాళ్ళమ్మ పాపిట పక్కన, తెల్లగా. భోగికి రెండు రోజుల ముందు ఆవిడ దానికి నల్లరంగేసి కప్పేస్తుంది.

ఇట్లు,
తమరి వాయిదా ఇంకా కడుతున్న
వైండింగు మేస్త్రీ, శ్రీకాకుళం