కాపీ కాన్ఫిగ్ కంటే ఖాళీ ఫైలే నయం
టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) కొత్తగా పెట్టుకునేవాళ్లు, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఎవరిదో ఒక కాన్ఫిగ్ ఫైల్ (సెట్టింగులు రాసి ఉండే ఫైల్) మొత్తంగా కాపీ చేసుకుంటే చాలు అన్న మాటతో నేను ఏకీభవించను. మొదట్లో నేనూ అదే చేశాను. అలాక్రిటీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ కోసం తెచ్చుకున్న ఆ పొడవాటి ఫైల్‌లో షెల్ (మన కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్) దగ్గర ఫిష్ అనే షెల్ పేరు రాసి ఉంది. నా సిస్టమ్‌లో ఫిష్ లేదు, దాంతో విండో తెరుచుకోనే లేదు. ఆ ఒక్క లైను పట్టుకోవడానికి సగం రోజు పట్టింది, ఆఫీసు పని మధ్యలో ఎంత టెన్షన్ పడ్డానో. తర్వాత 2023 చివర్లో అలాక్రిటీ 0.13 వెర్షన్‌తో కాన్ఫిగ్ ఫైల్ రాసే ఫార్మాట్ యామల్ (YAML) నుంచి టామల్ (TOML)కి మారింది. పాత ఫైల్‌ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చడానికి మైగ్రేట్ అనే కమాండ్ ఇచ్చారు, నిజమే, కానీ ఏ లైను ఎందుకుందో నాకు తెలియకపోతే మార్చి ఏం లాభం? అప్పుడు అంతా తీసేసి ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టాను. ఫాంటు, దాని సైజు, రంగులు, స్క్రోల్‌బ్యాక్ లైన్లు (పైకి జరిపి చూసుకోగల పాత లైన్లు ఎన్ని అన్నది), అంచుల్లో కాస్త ఖాళీ, అంతే. రాయనివాటికి డిఫాల్ట్ విలువలు ఎలాగూ ఉంటాయి. సేవ్ చేయగానే మార్పు తెర మీద కనిపిస్తుంది కాబట్టి ఒక్కో లైను రాస్తూ నేర్చుకోవచ్చు. తెలుగువాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాలి: అలాక్రిటీలో మన వత్తులు, గుణింతాలు సరిగ్గా కలవవు. ఫాంటు తప్పేమో అని నేను ఎన్నో మార్చి చూశాను. అది కాన్ఫిగ్‌తో సరయ్యేది కాదు, అక్షరాలను కలిపి చూపే పని ఆ ప్రోగ్రామ్ చేయదు. తెలుగు ఫైళ్లు ఇప్పుడు ఎడిటర్‌లోనే తెరుస్తున్నాను.