పసుపు తాగిన రేడియేటర్

మా మావయ్య పికప్ బండి వయసెంతో రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండాలి. కానీ ఆ కాగితం మడతల దగ్గర చిరిగి, సరిగ్గా సంవత్సరం ఉన్నచోటే చిల్లు పడింది. అందుకని ఆయన లెక్క వేరు: తిత్లీకి ముందు, తిత్లీకి తరువాత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు కవిటిలో ఆయన కొబ్బరితోట చాలావరకు నేలకొరిగింది. పడిన చెట్లలో ఒకటి, చుట్టూ అంత ఖాళీ స్థలం ఉండగా, వచ్చి బండి మీదే పడింది. క్యాబిన్ నిలబడింది, బోనెట్ వంగింది. అప్పటినుంచి బోనెట్‌కు తాళమంటే కొబ్బరి తాడే. రేడియేటర్ కారడం కూడా ఆ రోజే మొదలైందని అత్తయ్య అంటుంది. అంతకుముందు నుంచే కారుతోందని మావయ్య వాదన. తప్పు చెట్టుదా, బండిదా అన్నది ఆ ఇంట్లో ఇంతవరకు తేలలేదు.

ఇంజన్ చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్లను సన్నటి గొట్టాల గుండా పంపి, గాలికి చల్లార్చి, మళ్లీ ఇంజన్‌లోకి పంపడం రేడియేటర్ పని. ఉన్న నీళ్లే తిరుగుతుండాలి. మావయ్య బండిలో మాత్రం ఏ పూట నీళ్లు ఆ పూటకే. సీటు వెనక, సీటు కింద, గేరు పక్కన, ఎక్కడ చూసినా సీసాలే. పక్కన కూర్చున్నవాడు కాళ్లు పెట్టుకోవాలంటే రెండు సీసాలు ఒళ్లో పెట్టుకోవాలి.

కవిటి నుంచి శ్రీకాకుళం నూరు కిలోమీటర్ల పైమాటే. అది 16వ నంబరు జాతీయ రహదారి అయి చాలా ఏళ్లయినా మావయ్య నోట ఇంకా అయిదో నంబరు రోడ్డే. ఆ దారిలో మనకు ఊళ్లు కనిపిస్తాయి, ఆయనకు కుళాయిలు కనిపిస్తాయి. మందస మలుపు దాటాక ఒక బోరు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఇంటి ముందు తొట్టి. టెక్కలిలో టీకొట్టు పక్కన డ్రమ్ము. సీసాలు నింపడానికి అయిదు నిమిషాలు, ఇంజన్ చల్లారడానికి అరగంట. ఆ అరగంటలో మనిషి ఊరికే ఎలా కూర్చుంటాడు? టెక్కలి టీకొట్టు ఆవిడ రెండో కూతురికి సంబంధం కుదిర్చింది మావయ్యే. పెళ్లికొడుకు పలాస తొట్టి వాళ్ల మేనల్లుడు. ఆ శుభలేఖ మీద రేడియేటర్ పేరు వేయకపోవడం అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక అసలు కథ. రథసప్తమికి ముందురోజు అరసవల్లికి కొబ్బరికాయల లోడు. భక్తులు అర్ధరాత్రి నుంచే క్యూలో నిలబడతారు కాబట్టి సాయంత్రానికల్లా కాయలు కొట్లో ఉండాలని అక్కడి వ్యాపారి ముందే హెచ్చరించాడు. సాయం కోసం నన్ను ఎక్కించుకున్నారు. సాయమంటే సీసాలు పట్టుకోవడం. మాఘమాసం, చలిగాలి, కిటికీ అద్దం కిందికి దిగుతుంది కానీ పైకి రాదు. "ఈ చలిలో ఇంజన్ ఎక్కడ వేడెక్కుతుందిరా?" అని మావయ్య టెక్కలిలో ఆగకుండా పోనిచ్చాడు. టీకొట్టు ఆవిడ చెయ్యి ఊపింది. మేమూ ఊపాం.

కోటబొమ్మాళి దాటగానే ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లి అక్కడే కుదురుగా కూర్చుంది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి. సూర్యభగవానుడి పండగ రేపయితే, మా ఇంజన్ ఇవాళే నైవేద్యం వండడం మొదలుపెట్టింది.

బండి పక్కకు తీసి, తాడు విప్పి, తువ్వాలు చేతికి చుట్టుకుని మావయ్య రేడియేటర్ మూత మీదికి వెళ్లాడు. వెనకాలే ఆగిన లారీ డ్రైవరు "ముట్టుకోకండి బాబూ!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుందని, 0.9 బార్ మూతయితే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగి ఉంటాయని, మూత తీసిన క్షణం అంతా ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగుస్తుందని చెప్పాడు. మావయ్య ఇంకా తువ్వాలు విప్పలేదు. అప్పుడతను చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి నుంచి భుజం దాకా ఉన్న పాత మచ్చ చూపించాడు. బార్‌లూ డిగ్రీలూ చెవికెక్కలేదు కానీ మచ్చ ఎక్కింది.

హైవే పక్కన బోనెట్ ఎత్తి నిలబడితే సలహాలకు కొదవుండదు. సైకిల్ మీద పోతున్న ఒకాయన దిగి, కోడిగుడ్డు తెల్లసొన పోస్తే వేడికి గడ్డకట్టి చిల్లు పూడిపోతుందన్నాడు. "స్వామివారి కాయలున్న బండిలో గుడ్డా!" అని ఇంకొకాయన గద్దించాడు. గుడ్డు రద్దయింది. మరొకరు బట్టల సబ్బు అన్నారు. ఎక్కడ రుద్దాలో చూపించమంటే, చిల్లు ఎక్కడుందో మీరు చూపిస్తే నేను రుద్దుతానన్నారు. ఒక కాలేజీ కుర్రాడు బండి చుట్టూ తిరిగొచ్చి, "నీళ్లు లేవంటారేమిటండీ, వెనక ఉన్నవన్నీ నీళ్లే కదా?" అన్నాడు. అందరూ నవ్వారు, మావయ్య తప్ప. ఆయన కాయకు ఎన్ని నీళ్లు, రేడియేటర్‌కు ఎన్ని కాయలు, కాయ ధర ఎంత అని లెక్క వేస్తున్నాడు. లెక్క గిట్టలేదు గానీ, గిట్టి ఉంటే ఆ పంచదార నీళ్లు లోపల పాకమయ్యేవి.

చివరికి కిళ్లీకొట్టు పెద్దాయన తీర్పు చెప్పాడు. "పసుపు వేయండి. మా నాన్నగారి లారీకి అదే మందు." పసుపంటే సప్తమికి అభ్యంతరం లేదు, గుడికి అభ్యంతరం లేదు, ఖర్చూ లేదు. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఎవరింట్లోంచో పసుపు పొట్లం వచ్చింది. మావయ్య గుప్పెడు పోసి, సీసాలన్నీ వంచేశాడు. ఈ వైద్యం పూర్తిగా వట్టిది కూడా కాదు. మెత్తటి పొడి నీళ్లతో పాటు చిల్లు దగ్గరకు చేరి కాసేపు అడ్డుపడుతుంది. చిక్కేమిటంటే, ఏది చిల్లో ఏది నీళ్ల దారో పసుపుకు తెలియదు. అన్నిటికీ అడ్డుపడుతుంది.

నరసన్నపేట చేరేసరికి బండి కింద పచ్చటి ధార. ట్రాఫిక్‌లో ఆగినచోట ఒక ముసలమ్మ ఆ పసుపునీళ్లు చూసింది, వెనక గుట్టగా ఉన్న కొబ్బరికాయలు చూసింది, చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించింది.

"బాబూ, ఏ ఊరి అమ్మవారు?"

"కవిటి" అన్నాడు మావయ్య, తడుముకోకుండా.

ఆవిడ పది రూపాయల నోటు బోనెట్ తాడులో దోపి వెళ్లిపోయింది.

రేడియేటర్ల మేస్త్రీ షెడ్డు రోడ్డు మీదే దొరికింది. ఆయన మితభాషి. కింది బిరడా విప్పాడు, పసుపునీళ్లు బక్కెట్లోకి పట్టాడు, ఏమీ అడగలేదు. పైనా కిందా హోస్ పైపులు లాగితే అవి ఎండి పెళుసెక్కి చేతిలోనే విరిగాయి. ఫ్యాను చుట్టూ ఉన్న తొడుగు తీసి, రేడియేటర్ బయటికి లాగి, మూతులు బిగించి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. సైకిల్ ట్యూబు పంక్చరు చూసే పద్ధతే. ఒక చోట బుడగలు వస్తాయని వంగి చూస్తున్న మావయ్య ముఖం మీద తొట్టంతా బుడబుడలాడింది.

"ఎక్కడ కారుతోందండీ?"

"ఎక్కడ కారడం లేదో అడగండి."

టంకం పెట్టమని మావయ్య బతిమాలాడు. టంకం మీద టంకం, దాని మీద టంకం ఇప్పటికే ఉన్నాయని మేస్త్రీ వేలితో చూపించాడు. మావయ్య పట్టు వదల్లేదు. ట్యాంకు ఇత్తడిదే కదా, పక్కనే ఉన్న బుడితిలో అంత పేరున్న ఇత్తడి పనివాళ్లు ఉన్నారు కదా, వాళ్లకు ఇస్తే ఎలా ఉంటుందని అడిగాడు. మేస్త్రీ కాసేపు ఆలోచించి, "పూలకుండీ చేసిస్తారు" అన్నాడు.

కొత్తది తెమ్మని కుర్రాడిని బైకు మీద శ్రీకాకుళం పంపారు. ఈలోగా మేస్త్రీ థర్మోస్టాట్ గూడు విప్పాడు. అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఇంజన్ నీళ్లను రేడియేటర్‌కు వదిలే చిన్న కవాటం. గూడు ఉంది, కవాటం లేదు.

"అది చల్లదనానికి అడ్డమని తీయించేశాను" అన్నాడు మావయ్య గర్వంగా.

మేస్త్రీ ఏమీ అనలేదు. చిట్టా కాగితం మీద ఇంకో గీత రాసుకున్నాడు. హోసులు, క్లిప్పులు, మూత, థర్మోస్టాట్. గీతలు పెరుగుతున్న కొద్దీ మావయ్య స్వరం తగ్గింది.

కొత్త రేడియేటర్ వచ్చింది. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు. మావయ్య ఒంటి చేత్తో ఎత్తి చూసి, "ఇందులో వస్తువేమీ లేదే!" అని నీరసపడ్డాడు. బరువు లేనిది ఏదీ ఆయన దృష్టిలో వస్తువు కాదు. పాత రాగి, ఇత్తడి తూకానికి అమ్ముడుపోతాయని మేస్త్రీ చెప్పాకే ముఖంలో కళ వచ్చింది. ఆ తూకం దగ్గర బేరం ఎంతసేపు నడిచిందో చెప్పను. బిల్లులో "పసుపు కడిగినందుకు" అని ఒక పద్దు ఉంది, దాని దగ్గర అంతకంటే ఎక్కువసేపు నడిచింది. ఇంజన్‌లోంచి తేటనీళ్లు రావడానికి పైపు పెట్టి కడుగుతూనే ఉన్నారు పాపం.

తరువాత కూలెంట్. "మన ఊళ్లో మంచు కురుస్తుందా? రంగునీళ్లు కొనడమెందుకు?" అన్నాడు మావయ్య. తుప్పు పట్టకుండా, సున్నం పేరుకోకుండా, తొందరగా మరగకుండా అన్నాడు మేస్త్రీ. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకూడదు, తియ్యగా ఉంటుంది కానీ విషం. మూత తీసి ఉంచే ఇంజన్ వేసి, లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి పోయేదాకా పోస్తూ పోయి, మూత బిగించాడు. ముల్లు మధ్యలో నిలబడింది. మావయ్య దాన్ని అనుమానంగా చూసి, గోటితో అద్దం మీద కొట్టి చూశాడు. బిల్లుకు తగ్గిన పది రూపాయలు బోనెట్ తాడులోంచి తీసిచ్చాడు.

చీకటి పడ్డాక అరసవల్లి చేరాం, తిట్లు తిన్నాం, కాయలు దించాం.

ఇప్పుడు బండి కవిటిలో బయలుదేరితే శ్రీకాకుళంలోనే ఆగుతుంది. చుక్క కారదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. నెల తిరక్కుండానే టెక్కలి నుంచి ఫోను. "తమ్ముడూ, ఒంట్లో బాగాలేదా? మా ముందు నుంచే పోతున్నావు, ఆగడం లేదు. మావల్ల ఏమైనా తప్పు జరిగిందా?" మర్నాడు పలాస నుంచి ఇంకోటి, పెళ్లిలో మర్యాద తక్కువైందా అని. కొత్త రేడియేటర్ వేయించానని మావయ్య ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

అందుకని సీసాలు మళ్లీ బండెక్కాయి. నీళ్లెందుకని అత్తయ్య అడిగితే, ముందు అద్దం కడగడానికి అంటున్నాడు. టెక్కలిలో మూడో అమ్మాయికి కూడా సంబంధం చూస్తున్నారట.